లీజు కారు గడువుకు ముందే తిరిగి ఇస్తే వచ్చిన డ్యామేజీ బిల్లు: ఒక సేవపై సమీక్ష

భీమవరంలో రొయ్యల మేత వ్యాపారం చేసుకునే నేను, ఒక లీజు కంపెనీ నుంచి నాలుగేళ్ల ఒప్పందం మీద తీసుకున్న కారును మూడో ఏడాదిలోనే తిరిగి అప్పగించాను. ఆ తర్వాత ఆ కంపెనీ పంపిన 1,18,000 రూపాయల డ్యామేజీ బిల్లు, అందులో ఒక్కొక్క పద్దును నేను ప్రశ్నించిన తీరు, చివరికి తేలిన లెక్క ఈ సమీక్షలో రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. లీజుకు కారు తీసుకోవాలనుకునే మన ప్రాంతం వారికి ఆ పేరు కంటే, తిరిగి ఇచ్చిన కారుకు నష్టం లెక్కగట్టే పద్ధతి తెలియడం ఎక్కువ అవసరమని నా నమ్మకం.

ముందుగా బాగున్నవి చెప్పాలి. కారు నా చేతిలో ఉన్నంత కాలం ఆ సేవ మీద నాకు ఫిర్యాదు లేదు. బీమా, సర్వీసింగ్, దారిలో ఆగిపోతే వచ్చి చూసే సదుపాయం అన్నీ నెలవారీ అద్దెలోనే కలిసి ఉండేవి. ఆకివీడు దాటాక ఒక రాత్రి బ్యాటరీ దిగిపోతే భీమవరం నుంచి మెకానిక్‌ను గంటన్నరలో పంపించారు. ఒప్పందం నా సొంత పేరున ఉంది, సంస్థ పేరున లేదు. ఈ చిన్న విషయానికి తర్వాత ఎంత విలువ వచ్చిందో కింద చెబుతాను.

2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచడంతో రొయ్యల కొనుగోళ్లు మందగించి, రైతుల దగ్గర మేత బాకీలు పేరుకుపోయినప్పుడు, నెల నెలా ఆ అద్దె కట్టడం భారమని భావించి ముందుగానే ముగించమని అడిగాను. ముందస్తు ముగింపు రుసుము మూడు నెలల అద్దె అని ఒప్పందంలో స్పష్టంగా రాసి ఉంది. అది కట్టాను, దాని మీద జీఎస్టీ కూడా కట్టాను, అందులో నాకు ఏ అభ్యంతరమూ లేదు. అభ్యంతరమంతా కారు వెళ్లిపోయిన తర్వాత వచ్చిన రెండో బిల్లు గురించే.

ఆ బిల్లులో ఆరు పద్దులు ఉన్నాయి. ముందు బంపర్ కొత్తది వేసి రంగు వేయడానికి 24,000, వెనుక కుడి తలుపు సొట్ట తీసి రంగు వేయడానికి 14,000, కారు అడుగు భాగం తుప్పుకు 16,000, నాలుగు టైర్లకు 30,000, లోపలి శుభ్రతకు, వాసన పోగొట్టడానికి 9,000, హెడ్‌లైట్ల మసక తీయడానికి 7,000, అన్నీ కలిపి లక్ష రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ. నా 90,000 రూపాయల సెక్యూరిటీ డిపాజిట్‌ను మొత్తంగా సర్దుబాటు చేసుకుని, మరో 28,000 రూపాయలు ఏడు రోజుల్లో చెల్లించాలని, లేకపోతే అప్పుల చెల్లింపు చరిత్ర నమోదు చేసే క్రెడిట్ బ్యూరోకు తెలియజేస్తామని ఈమెయిల్‌లో రాశారు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టినది మొత్తం కాదు, ఆ మొత్తం తయారైన తీరు. కారు తీసుకువెళ్లడానికి భీమవరం వచ్చిన కంపెనీ ప్రతినిధి, పగటి వెలుతురులో కారు చుట్టూ తిరిగి, ఫోన్‌లో ఫొటోలు తీసి, ఒక ఫారం నింపి సంతకం చేసి నాకు ప్రతి ఇచ్చారు. ఆ ఫారంలో 'బంపర్ మూలన గీతలు, వెనుక కుడి తలుపు సొట్ట, ఎడమ ముందు టైరు పక్క కోత' అని మాత్రమే ఉంది. తుప్పు మాటే లేదు, మిగిలిన మూడు టైర్ల ప్రస్తావన లేదు, హెడ్‌లైట్ల ప్రస్తావన లేదు. అక్కడి నుంచి ఒక డ్రైవరు ఆ కారును హైదరాబాద్ యార్డుకు నడుపుకుంటూ తీసుకువెళ్లారు. యార్డులో ఇంకొకరు, నేను గాని నా తరఫు మనిషి గాని లేకుండా, రెండోసారి తనిఖీ చేసి తయారు చేసిన నివేదిక ఆధారంగా బిల్లు వచ్చింది. మొదటి నివేదికకు, రెండో నివేదికకు మధ్య కారు ఎవరి చేతుల్లో ఉంది, ఎక్కడ ఆగింది, అప్పుడు జరిగిన దానికి బాధ్యులెవరు అనే ప్రశ్నకు ఒప్పందంలో జవాబు లేదు. అప్పగింత ఫారం మీద సంతకం పడిన క్షణం నుంచి కారు భద్రత కంపెనీదేనని, ఆ ఫారంలో లేని నష్టాన్ని రుజువు చేయాల్సిన బాధ్యత కూడా వారిదేనని నేను మొదటి జవాబులోనే రాశాను.

ఇక పద్దుల విషయానికి వస్తే, బంపర్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మొత్తం వివాదానికి మూలసూత్రం అందులోనే ఉంది. బంపర్ పగలలేదు, వదులు కాలేదు, ఒక మూలన గీతలు పడ్డాయి. నరసాపురం దగ్గర వశిష్ఠ దాటి సఖినేటిపల్లి వెళ్లడానికి పంటు ఎక్కించేవారికి, ఇరుకుగా సర్దిన బళ్ల మధ్య ఇలాంటి గీతలు పడడం తెలిసిన విషయమే. కంపెనీ మాత్రం గీసుకున్న బంపర్‌కు బదులు పూర్తిగా కొత్త బంపర్ ధర, 15,000 రూపాయలు వేసి, దాని మీద రంగుకు మరో 9,000 వేసింది. మన దేశంలో సాధారణ సమగ్ర బీమా పాలసీలో అరుగుదల (డిప్రీసియేషన్) లెక్క ఎలా ఉంటుందో చూడండి: ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలు, టైర్లు, బ్యాటరీల మీద 50 శాతం తగ్గిస్తారు, ఫైబర్ గ్లాస్ మీద 30 శాతం, అద్దాల మీద ఏమీ తగ్గించరు. మిగిలిన భాగాల మీద బండి వయసును బట్టి, రెండేళ్లు దాటి మూడేళ్ల లోపు ఉంటే 15 శాతం తగ్గిస్తారు. పెయింటింగ్‌లో కూడా సామగ్రి ఖర్చు మీద 50 శాతం తగ్గిస్తారు. అంటే అదే బంపర్ ప్రమాదంలో పగిలి, అరుగుదల తగ్గించకుండా చెల్లించే అదనపు కవర్ లేని పాలసీ కింద ఇదే కంపెనీ క్లెయిమ్ వేసి ఉంటే, భాగం ధరలో సగమే వారికి వచ్చేది. పగలని బంపర్‌కు నా దగ్గర నుంచి మాత్రం పూర్తి ధర అడిగారు.

ఆ పట్టిక బీమా ఒప్పందానికి సంబంధించినదే గాని లీజుకు వర్తించదని కంపెనీ జవాబిచ్చింది. అది నిజమే, పట్టిక నేరుగా వర్తించదు. కాని దాని వెనుక ఉన్న న్యాయం వర్తిస్తుంది. మూడో ఏడాదిలో ఉన్న కారుకు కొత్త బంపర్ వేస్తే యజమానికి ముందున్న దాని కంటే మేలైన వస్తువు వస్తుంది. ఆ మేలు ఖర్చును తిరిగి ఇచ్చినవాడి మీద వేస్తే దాన్ని పరిహారం అనడానికి వీలు లేదు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో ముందే రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, దానికి లోబడి సమంజసమైన పరిహారమే దక్కుతుంది. 2015లో కైలాష్ నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు, ఈ సెక్షన్ వర్తించాలంటే నష్టం జరిగి ఉండడం తప్పనిసరి అని స్పష్టంగా చెప్పింది. అందుకే నేను కంపెనీని రెండు కాగితాలు అడిగాను: బంపర్ నిజంగా మార్పించి ఉంటే ఆ వర్క్‌షాప్ బిల్లు, మార్పించకుండా అమ్మి ఉంటే ఆ గీతల వల్ల అమ్మకం ధర ఎంత తగ్గిందో చూపే మదింపు. రెండూ పంపలేదు. బిల్లుకు ఆధారంగా ఉన్నది అధీకృత షోరూమ్ వారి కొటేషన్ మాత్రమే, అంటే చేయని పనికి అంచనా.

తుప్పు పద్దు మన డెల్టా పరిస్థితులు తెలియని వారు వేసినది. ఉండి నుంచి ఆకివీడు వైపు, పాలకొల్లు నుంచి నరసాపురం వైపు రోడ్ల మీద చేపలు, రొయ్యల లారీల నుంచి ఐసు నీరు కారుతూనే ఉంటుంది, చెరువు గట్ల మీద ఉప్పు తగిలిన మట్టి చక్రాల లోపలికి చేరుతుంది, తీరం వైపు గాలిలోనే చెమ్మ ఎక్కువ. ఈ ప్రాంతంలో తిరిగే ఏ కారుకైనా అడుగున సస్పెన్షన్ బోల్టుల మీద, ఎగ్జాస్ట్ గొట్టం మీద పైపై తుప్పు రావడం సహజం. కారు భీమవరంలో తిరుగుతుందని తెలిసే కంపెనీ ఇచ్చింది, ఒప్పందం మొదటి పేజీలోనే నా చిరునామా ఉంది. పైగా కంపెనీ నియమించిన వర్క్‌షాప్‌లోనే ప్రతి సర్వీసూ జరిగింది, ఏ జాబ్ కార్డులోనూ తుప్పు గురించి ఒక్క హెచ్చరిక లేదు. మామూలుగా జాగ్రత్త పడే మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకోవడమే, వేరొకరి వస్తువు చేతిలో ఉన్నవారి బాధ్యత అని అదే ఒప్పందాల చట్టం 151వ సెక్షన్ చెబుతుంది. సర్వీసు రికార్డు అంతా సక్రమంగా ఉన్నప్పుడు ఆ బాధ్యత నెరవేరినట్టే.

టైర్ల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. కార్లకు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. కంపెనీ యార్డు నివేదికలోనే మూడు టైర్ల గాడి 3 మిల్లీమీటర్ల పైన ఉన్నట్టు రాసి ఉంది. నడిచిన టైరు అరుగుతుంది, ఆ అరుగుదలకు ప్రతిఫలమే నెలవారీ అద్దె. పక్క కోత పడిన ఒక టైరు మాత్రం నా బాధ్యతే, దాన్ని నేను మొదటి నుంచి ఒప్పుకున్నాను. తలుపు సొట్ట కూడా అంతే. మా పెరట్లో కొబ్బరికాయ పడి వచ్చిన సొట్ట అది, చేయి పెడితే తెలిసేంత లోతు, రంగు పెచ్చు లేచింది. అలాంటిది సహజమైన అరుగుదల కాదని, దానికి 14,000 సమంజసమేనని నేను రాతపూర్వకంగా తెలిపాను. మేత నమూనాల సంచులు ఎక్కించిన కారులో వాసన ఉండడం నిజం కాబట్టి లోపలి శుభ్రతను కూడా కాదనలేదు, ధర మాత్రం ఎక్కువన్నాను. భీమవరంలో అదే పనికి 3,000 రూపాయల కొటేషన్ తీసుకుని జత చేశాను. ఒప్పుకోవలసినవి ముందే ఒప్పుకోవడం వల్ల మిగిలిన అభ్యంతరాలకు బలం వచ్చిందని నాకు గట్టిగా అనిపించింది.

జీఎస్టీ విషయంలో చాలామంది గమనించని తేడా ఒకటి ఉంది. కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టు 3న ఇచ్చిన 178వ సర్క్యులర్ ప్రకారం, లీజును ముందుగా ముగించుకునే వీలు కల్పించినందుకు ఒప్పందంలో రాసుకున్న రుసుము ఒక సేవకు ప్రతిఫలం, దాని మీద పన్ను పడుతుంది. ఆస్తికి కలిగిన నష్టానికి ఇచ్చే పరిహారం మాత్రం సేవకు ప్రతిఫలం కాదు. కాబట్టి ముగింపు రుసుము మీద నేను కట్టిన జీఎస్టీ సరైనదే, డ్యామేజీ పరిహారం మీద వేసిన 18,000 రూపాయలకు ఆధారం చూపాలి. ఈ ఒక్క పేరా రాసిన తర్వాతే, అంతవరకు ముందే సిద్ధం చేసి పెట్టుకున్న జవాబులు పంపుతున్న కస్టమర్ కేర్ నుంచి విషయం కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారి చేతికి వెళ్లింది.

ఈ వ్యవహారంలో నేను డబ్బు పెట్టి తీసుకున్న మరో సేవ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాని విలువ నాకు స్పష్టంగా కనిపించింది. రాజమహేంద్రవరంలో ఉండే, బీమా నియంత్రణ సంస్థ లైసెన్సుతో వాహన నష్టాన్ని అంచనా వేసే ఒక మోటారు సర్వేయరు గారికి అప్పగింత ఫారం, నా ఫొటోలు, యార్డు నివేదిక, సర్వీసు జాబ్ కార్డులు పంపాను. ఆయన 3,500 రూపాయల ఫీజుకు నాలుగు పేజీల అభిప్రాయం రాసి ఇచ్చారు. బంపర్ మార్చాల్సిన అవసరం లేదని, గీతలు పడిన మూల మేరకు రంగు వేస్తే సరిపోతుందని, హెడ్‌లైట్ల మసక ఎండ వల్ల ప్లాస్టిక్ కవచానికి వచ్చేదని, అది వాడకంలో భాగమని, తుప్పు పైపైనేనని పద్దు పద్దుకూ కారణం రాశారు. "మీరు కోపంతో రాసిన పది పేరాలకంటే తేదీ ఉన్న ఫొటో ఒకటి ఎక్కువ మాట్లాడుతుందండీ" అని ఫోన్‌లో చెప్పి, నా ఉత్తరంలోని పరుషమైన వాక్యాలు కొన్ని తీయించారు. తీసేశాక ఆ ఉత్తరం నిజంగానే మెరుగుపడింది.

పై స్థాయికి వెళ్లవలసి వస్తే ఉన్న దారుల్ని కూడా అదే ఉత్తరం చివర రాశాను. లీజు ఇచ్చిన సంస్థ ఆర్‌బీఐ పరిధిలోని నాన్ బ్యాంకింగ్ ఫైనాన్స్ కంపెనీ అయి, ఖాతాదారుల ఫిర్యాదులు పరిష్కరించే అంబుడ్స్‌మన్ పథకం కిందికి వచ్చేదైతే, ముందు సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా, ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. అదే విషయం అప్పటికే కోర్టులోనో కమిషన్‌లోనో ఉంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు కాబట్టి, ఏ దారిలో వెళ్లాలో ముందే నిర్ణయించుకోవాలి. రెండో దారి జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయవచ్చు, కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరికి పరిగెత్తనవసరం లేదు. చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ఒప్పందంలో మధ్యవర్తిత్వం (ఆర్బిట్రేషన్) ముంబయిలోనే జరగాలన్న క్లాజు ఉన్నా, అది వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడాన్ని అడ్డుకోదని 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నా ఒప్పందంలో సరిగ్గా అలాంటి క్లాజే ఉంది, కస్టమర్ కేర్ దాన్ని పదే పదే చూపించింది.

ఇక్కడే ఒప్పందం ఎవరి పేరున ఉందన్న విషయం వస్తుంది. వ్యాపార ప్రయోజనం కోసం సేవ తీసుకున్నవారు ఆ 2019 చట్టం ప్రకారం వినియోగదారులు కారు, స్వయం ఉపాధితో జీవనం గడుపుకోవడానికి తీసుకున్నవారికి మినహాయింపు ఉంది. పన్ను కలిసివస్తుందని సంస్థ పేరున లీజు తీసుకునే మిత్రులు మా ఊళ్లో చాలామంది ఉన్నారు. అలాంటి వారికి వివాదం వచ్చినప్పుడు కమిషన్ తలుపు మూసుకుపోయే ప్రమాదం ఉందని సంతకానికి ముందే తెలుసుకోవాలి. మరొక సూక్ష్మం: ఒప్పందంలోని క్లాజే అన్యాయమైనదని ప్రకటించమని కోరే ఫిర్యాదు జిల్లా కమిషన్ పరిధిలోకి రాదు, దానికి విజయవాడలోని రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. అధికంగా వసూలు చేశారు, సేవలో లోపం ఉంది అని మాత్రమే అడిగితే జిల్లా కమిషన్ చాలు.

కమిషన్ వరకు వెళ్లవలసిన అవసరం రాలేదు. గ్రీవెన్స్ అధికారి స్థాయిలోనే లెక్క తిరగరాశారు. బంపర్‌కు రంగు ఖర్చు 9,000, తలుపుకు 14,000, కోత పడిన ఒక్క టైరుకు సగం ధర 3,750, లోపలి శుభ్రతకు 3,000, మొత్తం 29,750 రూపాయలు. తుప్పు, హెడ్‌లైట్లు, మిగిలిన మూడు టైర్లు, జీఎస్టీ తీసివేశారు. 90,000 డిపాజిట్‌లో 60,250 రూపాయలు నా ఖాతాకు వచ్చాయి, బాకీ ఏమీ లేదన్న పత్రం కూడా ఇచ్చారు. ఆర్‌సీలో లీజు నమోదు ఉన్నవారు ఈ పత్రంతో పాటు, నమోదు రద్దుకు కావలసిన 35వ నంబరు ఫారం విషయం కూడా అదే రోజు తేల్చుకోవాలి. క్రెడిట్ రిపోర్టును తర్వాత తెప్పించి చూశాను, తప్పు నమోదు ఏమీ లేదు.

అయినా ఈ సేవకు నేను పూర్తి మార్కులు ఇవ్వలేను. తగ్గించిన 88,250 రూపాయలను కంపెనీ తన ఉత్తరంలో 'సద్భావనతో ఇచ్చిన రాయితీ' అని రాసింది. రాయితీ అంటే వారికి రావలసినది వదులుకోవడం. ఇక్కడ వారికి రానిదే అడిగారు, అడగడం మానుకున్నారు. ఆ మాట మార్చమని కోరాను, మార్చలేదు. ఫారం, ఫొటోలు, జాబ్ కార్డులు దాచుకోని మనిషి, లేదా ఏడు రోజుల గడువు చూసి భయపడిన మనిషి, ఆ 1,18,000 కట్టేసేవారే.

బ్రిటన్‌లో ఈ విషయం మీద ఉన్న స్పష్టత చూస్తే మన దగ్గర లేనిదేమిటో తెలుస్తుంది. అక్కడ 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం ప్రకారం, హైర్ పర్చేజ్ మీద, అంటే వాయిదాలు కడుతూ చివరికి సొంతం చేసుకునే పద్ధతిలో, కారు తీసుకున్నవారు మొత్తం చెల్లించాల్సిన దానిలో సగం వరకు చెల్లించి కారు తిరిగి ఇచ్చి ఒప్పందం ముగించుకోవచ్చు, తగిన జాగ్రత్త తీసుకోకపోవడం వల్ల కలిగిన నష్టానికే అదనంగా బాధ్యులవుతారు. అక్కడి లీజు కంపెనీల సంఘం సహజ అరుగుదలకు రాసుకున్న ప్రమాణంలో, రంగు కింది ప్రైమర్ పూత బయటపడనంత వరకు 25 మిల్లీమీటర్ల లోపు గీతను లోపంగా లెక్కించరు. నా ఒప్పందంలో సహజ అరుగుదల అంటే 'కంపెనీ అభిప్రాయంలో సమంజసమైనది' అని ఒక్క వాక్యం ఉంది.

కాబట్టి ఈ రకమైన సేవ ఎవరికి పనికొస్తుందని అడిగితే, పూర్తి గడువు నడపగలిగినవారికి, కాగితాలు పదిలంగా ఉంచుకునే అలవాటు ఉన్నవారికి మంచిదే అంటాను. సంతకానికి ముందు అరుగుదల నిర్వచనం మిల్లీమీటర్లలో అడగండి. తనిఖీ ఇద్దరి సమక్షంలో ఒక్కసారే జరగాలని, అక్కడి ఫారమే తుది ఆధారం కావాలని రాయించుకోండి. రాయడానికి ఒప్పుకోకపోతే ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. కారు తీసుకున్న రోజున అడుగు భాగం, టైర్లు, లోపలి సీట్లు సహా ఫొటోలు తీసి ఉంచండి, తిరిగి ఇచ్చే రోజున అవే కోణాల్లో మళ్లీ తీయండి. ఓడోమీటరు రీడింగు ఫారంలో పడేలా చూడండి, దారిలో జరిగిన దానికి అదొక్కటే కొలత.

అప్పగింత సమయంలోనే ఉమ్మడి తనిఖీ, భాగాల వయసును బట్టి అరుగుదల పట్టిక, డ్యామేజీ బిల్లుతో పాటు వర్క్‌షాప్ రసీదు అనే మూడు మార్పులు ఒప్పందంలో చేర్చమని కంపెనీకి వేరుగా ఉత్తరం రాశాను. 'పరిశీలనలో ఉంది' అని జవాబు వచ్చింది. మా వీధిలో ఒకాయన అదే కంపెనీలో కొత్తగా తీసుకున్న లీజు కాగితాలు చూశాను, సహజ అరుగుదల క్లాజు ఒక్క అక్షరం కూడా మారలేదు.